మట్టిపాత్రలో అందం ఎవరిది?

జపాన్‌లో పేరున్న కుమ్మరి దగ్గర టీ గిన్నె కొంటే దానితోపాటు ఒక చెక్కపెట్టె కూడా చేతికొస్తుంది. కిరి చెట్టు చెక్కతో, గిన్నె కొలతకు సరిపోయేలా చేయించిన పెట్టె అది. చెక్క తేలిక, తేమను ఆపుతుంది. మూత మీద కుమ్మరి స్వయంగా కుంచె పట్టి అది ఏ రకం పాత్రో రాస్తాడు, కింద తన పేరు రాసి ఎర్రటి ముద్ర వేస్తాడు. మందపాటి నేతపట్టీతో పెట్టెను ముడివేసి ఇస్తారు. దీన్ని తోమొబాకో అంటారు. పెట్టె పోతే పాత్ర ధర బాగా పడిపోతుంది. అందుకే సేకరించేవారిలో గిన్నెను చూడకముందే మూత మీది రాతను చదివేవారు చాలామంది.

దీనికి నేరుగా ఎదురు నిలిచే ఆలోచన కూడా ఆ దేశంలోనే దాదాపు వందేళ్లుగా బలంగా ఉంది. అసలైన అందం పేరులేని చేతుల్లోంచి వస్తుందని, ‘ఇది నేను చేశాను’ అనే తలపు ఎక్కడ చొరబడితే అక్కడ అందం సన్నగిల్లుతుందని ఆ ఆలోచన సారం. నేటి జపాన్ మట్టిపాత్రలను మెచ్చుకునేవారికీ, కొనేవారికీ ఈ రెండింటి మధ్య ఇరుకు తప్పదు. పాత్రలో కనిపించే అందం చేసినవారిదా, మట్టిదా, నిప్పుదా, వాడినవారిదా? అది ఎవరిదీ కాకపోతే దాన్ని సొంతం చేసుకోవడమంటే ఏమిటి? పైకి ఇవి కళావిమర్శకుల ప్రశ్నల్లా కనిపిస్తాయి. జపాన్‌లో మాత్రం వీటిని మొదట గట్టిగా అడిగినవాడు ఒక మతతత్త్వ పండితుడు.

అతని పేరు యనాగి సోయెత్సు (1889–1961). విలియం బ్లేక్ మీద 1914లో పెద్ద పుస్తకం రాశాడు. క్రైస్తవ మార్మికులనూ జెన్ గురువులనూ శ్రద్ధగా చదివాడు. 1925లో హమదా షోజి, కవాయి కంజిరో అనే ఇద్దరు కుమ్మరి మిత్రులతో కలిసి సామాన్యుల వాడుక వస్తువుల కళకు ‘మింగెయి’ అని పేరు పెట్టాడు. 1936లో టోక్యోలోని కొమాబాలో జానపద కళల మ్యూజియం తెరిచాడు. అక్కడ ఇప్పుడు సుమారు 17,000 వస్తువులున్నాయి. పేరులేని వస్తువుల గొప్పతనాన్ని చాటిన మనిషే తన కాలపు గొప్ప సేకర్తల్లో ఒకడన్నమాట.

యనాగి ఆలోచనకు కేంద్రం ఒక టీ గిన్నె. 16వ శతాబ్దంలో కొరియాలో తయారై జపాన్ చేరిన ఆ గిన్నెను కిజాయెమొన్ ఇదో అంటారు. క్యోటోలోని దైతోకుజి ఆలయ సముదాయంలో, కొహోఆన్ అనే చిన్న ఆలయంలో ఉంది. జపాన్ దాన్ని జాతీయ నిధిగా ప్రకటించింది. 1931లో యనాగికి దాన్ని చూసే అవకాశం దొరికింది. పెట్టెలో పెట్టె, దాని లోపల ఇంకో పెట్టె, చివరికి పట్టుగుడ్డ విప్పితే బయటపడింది ఒక సాదా గిన్నె. లేత పసుపుగోధుమ రంగు, సారె తిరిగినప్పుడు వేళ్లు వేసిన గీతలు, అడుగున కుదురులాంటి వలయం చుట్టూ ముత్యాల్లా గడ్డకట్టి ఆగిపోయిన గ్లేజు. ఇది పేద కొరియన్లు అన్నం తినడానికి వాడుకున్న చవక గిన్నె అని యనాగి నమ్మాడు. పూజల్లో వాడిన పాత్ర అయి ఉండవచ్చని తర్వాతి పరిశోధకుల్లో కొందరు అంటున్నారు. ఏదైనా, చేసినవాడు దాన్ని కళాఖండంగా తలచి చేయలేదన్నది యనాగి పట్టు. రోజుకు ఎన్నో గిన్నెలు చేసే చేతికి ఈ గిన్నె మీద ప్రత్యేకమైన ఆశ ఏమీ లేదు. ఆ ఆశ లేకపోవడమే దాని అందానికి మూలమని అతను తేల్చాడు.

ఈ తీర్పు వెనుక సుఖావతీ బౌద్ధం ఉంది. అమితాభ బుద్ధుడు బోధిసత్త్వుడిగా ఉన్నప్పుడు 48 ప్రతిజ్ఞలు చేశాడని సుఖావతీవ్యూహ సూత్రం చెబుతుంది. తన లోకంలో పుట్టినవారి మధ్య అందం, అనాకారితనం అనే తేడా మిగిలి ఉంటే తాను బుద్ధత్వాన్ని స్వీకరించనన్నది వాటిలో నాలుగోది. 1949లో అచ్చయిన తన రచనలో యనాగి ఈ ఒక్క ప్రతిజ్ఞ మీదే మొత్తం సౌందర్యశాస్త్రాన్ని నిలబెట్టాడు. అందం, వికారం అనే విభజన మనిషి మనసు పెట్టుకున్నది. ఆ విభజనకు ముందున్న స్థితిలో పని చేసే చేతికి వికారమైనది చేయడం చేతకాదు. పేరులేని కుమ్మరికి ప్రతిభ లేకపోవచ్చు, చదువు లేకపోవచ్చు. అతన్ని సంప్రదాయం, మట్టి, పదేపదే చేసిన అలవాటు మోసుకుపోతాయి. సాధకుడు సొంత బలంతో గట్టెక్కడం స్వశక్తి, తనను తాను వదిలేసుకుని అమితాభుడి కరుణ మీద భారం వేయడం అన్యశక్తి. పేరులేని కుమ్మరి పని అన్యశక్తి మార్గమని యనాగి సిద్ధాంతం.

ఈ భావనకు తెలుగునేలతో నిజమైన బంధుత్వం ఉంది. జపాన్‌లో అన్యశక్తి మార్గాన్ని పతాకస్థాయికి తెచ్చిన షిన్రాన్ (1173–1263) తన గురుపరంపరగా ఏడుగురు ఆచార్యులను పేర్కొన్నాడు. ఆ వరుసలో మొదటివాడు నాగార్జునుడు. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో, నేటి నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్యుడే ఇతను. ఆయన పేరు మీద నిలిచిన దశభూమిక విభాషలో, నేల మీద కాలినడకన పోయే కష్టమార్గం, నీటి మీద పడవలో పోయే సులభమార్గం అని రెండు దారులు కనిపిస్తాయి. స్వశక్తి, అన్యశక్తి వాదానికి బీజం అక్కడే ఉంది. మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అంటూ శ్రీవైష్ణవులు చేసుకున్న చర్చ వినివున్న తెలుగు పాఠకులకు ఈ వివాదం కొత్తగా అనిపించదు. తల్లిని పట్టుకోవడం పిల్ల పనా, పిల్లను పట్టుకోవడం తల్లి పనా అన్నదే అక్కడా ప్రశ్న.

సిద్ధాంతం ఎంత లోతైనదైనా దానికి రెండు గట్టి చిక్కులున్నాయి. యనాగి సొంత మిత్రులే మొదటి చిక్కు. హమదా, కవాయి పల్లె కుమ్మరులు కారు. ఇద్దరూ టోక్యోలో సాంకేతిక విద్య చదివారు, క్యోటో పరిశోధనాలయంలో గ్లేజుల రసాయనం నేర్చారు, ఇద్దరికీ ప్రపంచఖ్యాతి దక్కింది. హమదా 1920లో ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో ఇంగ్లండు వెళ్లి సెయింట్ ఐవ్స్‌లో ఆవం కట్టాడు, తర్వాత మషికో అనే కుమ్మరి ఊళ్లో స్థిరపడ్డాడు. తన పాత్రల మీద పేరు వేయలేదు. పెట్టెల మీద మాత్రం రాశాడు. గరిటెడు గ్లేజు తీసుకుని ఒక్క విసురులో పళ్లెం మీద పోయడం అతని పద్ధతి. కొద్ది సెకన్లలో అయ్యే పనికి ఇంత విలువేమిటని అడిగితే, ఆ సెకన్ల వెనక అరవై ఏళ్లున్నాయని హమదా జవాబిచ్చేవాడని ప్రసిద్ధి. ఇది అన్యశక్తి కాదు, పక్కా స్వశక్తే. కాకపోతే సాధన పండి, చేసేవాడు పక్కకు తప్పుకున్న స్థితి. వ్యక్తికళాకారుడు స్వశక్తి అనే కష్టమార్గంలో నడిచి అదే చోటికి చేరగలడని యనాగి కూడా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతో పేరుకూ అందానికీ పుట్టువైరం లేదని తేలిపోయింది.

కవాయి ఇంకో అడుగు ముందుకు వేశాడు. కొంతకాలానికి అతనూ పాత్రల మీద పేరు వేయడం పూర్తిగా మానేశాడు. జపాన్ ప్రభుత్వం 1955 నుంచి చేతివృత్తుల ఉద్దండులకు, జనం ‘సజీవ జాతీయ నిధి’ అని పిలిచే హోదా ఇస్తోంది. నైపుణ్యాన్ని కాపాడి తరువాతివారికి నేర్పడానికి ఏటా 20 లక్షల యెన్ల గ్రాంటు కూడా ఉంటుంది. తొలిసారి ఎంపికైన కుమ్మరుల్లో హమదా ఉన్నాడు. కవాయి ఆ హోదాను వద్దన్నాడు. రుచుల మేటి, కుమ్మరి కితావోజి రొసాంజిన్ కూడా నిరాకరించాడు. యనాగి మిత్రులిద్దరిలో ఒకరు గౌరవాన్ని స్వీకరించారు, ఒకరు కాదన్నారు. ఇద్దరి పాత్రలూ నేడు ఒకే వేలంశాలల్లో, ఒకేలా పేరు చెప్పి అమ్ముడవుతున్నాయి.

రెండో చిక్కు మరింత బరువైనది. పేరులేనివారు పేరు వద్దనుకున్నారా, పేరు పెట్టుకునే వీలు లేక ఉండిపోయారా? 1592–98 మధ్య జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీదికి పంపిన సేనలు వెనుదిరిగేటప్పుడు వందలాది కొరియన్ కుమ్మరులను పట్టుకుని తీసుకొచ్చాయి. అరితా పింగాణీ, సత్సుమా, హాగి పాత్రలు అలా పుట్టినవే. సత్సుమాలో స్థిరపడిన షిమ్ వంశం 400 ఏళ్లకు పైగా తన కొరియన్ ఇంటిపేరును వదలలేదు. పెద్దకొడుకు వంశనామం స్వీకరించే వరుసలో నేడు ‘15వ షిమ్ సుగ్వాన్’ పాత్రలు చేస్తున్నాడు. ఆ ఇంటివారికి పేరు అహంకారం కాదు, పోగొట్టుకోకుండా కాపాడుకున్న ఆఖరి ఆస్తి. అజ్ఞాతంగా ఉండటాన్ని ఆధ్యాత్మిక స్థితిగా కీర్తించేటప్పుడు యనాగి ఈ కోణాన్ని తగినంత పట్టించుకోలేదు. కొరియా వలసపాలనలో ఉన్న రోజుల్లో ఆ దేశపు కళను అతను నిజంగా ప్రేమించాడు, 1924లో సియోల్‌లో మ్యూజియం కూడా పెట్టాడు. కానీ ఆ కళను విషాదసౌందర్యంగా వర్ణించడం పాలకుడి చూపేనని కొరియన్ విమర్శకులు అనడం న్యాయమే.

సిద్ధాంతం ఊరికి చేరితే ఏమవుతుందో చూపేది ఓంతా. ఓయితా ప్రాంతపు కొండల్లో పదిలోపు కుమ్మరి ఇళ్లున్న ఊరు ఇది. 1705 నుంచి ఇక్కడ కుండలు చేస్తున్నారు. వాగు ఒడ్డున పెద్ద దూలాలు అమర్చి ఉంటాయి. ఒక కొన గుంటలా తొలిచి ఉంటుంది. వాగునీళ్లు అందులో నిండగానే బరువుకు ఆ కొన కిందికి దిగుతుంది, నీళ్లు ఒలికిపోతాయి, తేలికైన దూలం వెనక్కి పడి రెండో కొన ‘దబ్’మని మట్టిరాళ్లను దంచుతుంది. రాత్రీ పగలూ ఇదే. ఈ వేగంతో ఎంత మట్టి నలిగితే అంత మేరకే కుండలు. సారెను కాలితో తిప్పుతారు. పాత్రల మీద ఎవరి పేరూ ఉండదు, ఊరి పేరే. యనాగి 1931లో ఈ ఊరు చూసి పొంగిపోయాడు. లీచ్ 1954లో వచ్చి పని చేశాడు. ఆ తర్వాత కొనేవారు పోటెత్తారు. 1970లలో అక్కడ ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త బ్రయాన్ మోరాన్, ధరలు పెరిగిన కొద్దీ వ్యవసాయం వెనకబడిందని, ఇళ్ల మధ్య పాత సహకారం సడలిందని నమోదు చేశాడు. నిరాడంబరతను మెచ్చుకునే చూపు కూడా ఒక బలమే. అది పడిన చోట నిరాడంబరత అలాగే మిగలడం కష్టం. వాగు దంచే మట్టి ఇంకా యంత్రానికి లొంగకపోవడం వల్లే ఓంతా ఈ మాత్రమైనా నిలిచింది.

అన్యశక్తి అనే మాటను ఒట్టి భక్తిగా కాక పనిగా చూడాలంటే బిజెన్‌కు పోవాలి. ఒకయామా ప్రాంతంలోని ఇంబే ఊళ్లో వరిమళ్ల అడుగు నుంచి తీసిన ఇనుము నిండిన మట్టితో, గ్లేజు లేకుండా పాత్రలు చేస్తారు. ఎర్ర పైన్ కట్టెలతో పది పద్నాలుగు రోజులు ఆపకుండా కాలుస్తారు. వేడి 1,200 డిగ్రీలు దాటుతుంది. ఎగిరొచ్చిన బూడిద కరిగి నువ్వుల్లా అంటుకుంటుంది. వరిగడ్డి చుట్టిన చోట గడ్డిలోని పొటాషియం మట్టిలోని ఇనుముతో కలిసి నిప్పురంగు చారలు దిగుతాయి. బొగ్గుల్లో కూరుకుపోయిన వైపు నీలిబూడిద రంగు తేలుతుంది. ఏ పాత్ర ఎక్కడ పెట్టాలో, దేనిమీద ఏది ఆనించాలో కుమ్మరే నిర్ణయిస్తాడు. ఆ తర్వాత చేయి చొరని చోట నిప్పు తన పని చేస్తుంది. బయటికొచ్చినవాటిలో నచ్చనివాటిని అతనే పక్కన పెడతాడు, పగలగొడతాడు. 20వ శతాబ్దంలో పాత మొమొయామా కాలపు బిజెన్ తీరును తిరిగి బతికించిన కనెషిగె తోయో (1896–1967) నుంచి నేటివారి దాకా ఇదే క్రమం. మొదట ఎంపిక, నడుమ సమర్పణ, చివర మళ్లీ ఎంపిక. స్వశక్తి, అన్యశక్తి రెండు వేరు దారులనే పండితుల విభజన ఆవం ముందు నిలవదు. కుమ్మరి పేరు ఆ ఎంపికలకు పూచీ. నిప్పు చేసినదాని మీద హక్కు కాదు. పెట్టె మీది సంతకాన్ని ఈ అర్థంలో తీసుకుంటే అందులో తప్పు పట్టడానికేమీ ఉండదు.

వాడుకే అందమన్న మాటను మొత్తంగా తోసిపుచ్చినవారూ ఉన్నారు. 1948లో క్యోటోలో యాగి కజువో, సుజుకి ఒసాము, యమదా హికారు తదితర యువకులు సోదెయిషా అనే బృందాన్ని స్థాపించారు. యాగి 1954లో చేసిన ‘జాంసా గారి షికారు’ సారె మీద పుట్టిన మట్టిచక్రమే. దాన్ని నిలువుగా నిలబెట్టి చుట్టూ కాళ్లలాంటి గొట్టాలు అతికించాడు. కాఫ్కా కథలో పురుగైపోయిన మనిషి పేరు దానికి పెట్టాడు. పువ్వు పెట్టడానికీ, నీళ్లు పోయడానికీ అందులో చోటు లేదు. యుద్ధంలో ఓడిన దేశంలో తాతల రూపాలను అలాగే చేస్తూ పోవడం అబద్ధమని ఆ తరానికి అనిపించింది. ఆ భావనలో నిజాయితీ ఉంది, అది కూడా ఒక రకం వైరాగ్యమే. యనాగి సిద్ధాంతానికి సవాలు మరో వైపు నుంచి కూడా వచ్చింది. ఆవం దగ్గరికి స్త్రీలు రాకూడదనే అశౌచపు ఆచారం చాలా ఊళ్లలో ఉన్న రోజుల్లో, షిగరాకిలో కొయామా కియొకో సొంతంగా సొరంగపు ఆవం కట్టుకుని, రోజుల తరబడి కట్టెలు వేసి, బూడిదే గ్లేజయ్యే పాత్రలు తీసింది. సంప్రదాయం తనంతట తానే మోసుకుపోతుందన్న సిద్ధాంతం ఆమెకు వర్తించదు. ఆమెను సంప్రదాయం మోయలేదు, అడ్డుపడింది. 2011 భూకంపం, సునామీ, ఫుకుషిమా ప్రమాదం తర్వాత కొందో తకహిరో తన శరీరాన్నే అచ్చుపోసి, ధ్యానంలో కూర్చున్న పింగాణీ మూర్తులు చేశాడు. అవి ఏ వంటింటికీ పనికిరావు. అయినా వాటి ముందు నిలబడితే ఈ వ్యాసపు ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. కూర్చున్నది ఎవరు?

చూపు ముందా, సమాచారం ముందా అన్నది సేకర్తకు రోజూ ఎదురయ్యే పరీక్ష. ముందు చూడాలి, తెలుసుకోవడం తర్వాత అని యనాగి నియమం. అతని మ్యూజియంలో వస్తువుల పక్కన రాతలు కావాలనే అతి క్లుప్తంగా ఉంటాయి. ఈ నియమం ఎంత కఠినమైనదో ‘ఐనిన్ జాడీ’ ఉదంతం చూపింది. 1294కు సమానమైన తేదీ చెక్కి ఉన్న సెతో అనే ఊరి రకానికి చెందిన ఒక జాడీని 1959లో ప్రభుత్వం ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. దాన్ని సమర్థించినవాడు ఆ రంగంలో మహాపండితుడు కొయామా ఫుజియో. అది ఆధునిక కాలపు పనేనని తర్వాత తేలింది, కుమ్మరి కతో తొకురో దాన్ని తానే చేశానన్నాడు. 1961లో గుర్తింపు రద్దయింది. కొయామా పదవి వదిలి, ఆ తర్వాత తానే సారె ముందు కూర్చుని కుమ్మరి అయ్యాడు. తొకురో కీర్తి తగ్గకపోగా పెరిగింది. జాడీ మాత్రం మారలేదు. నిన్న అందమైనది నేడు కాకుండా పోయిందంటే నిన్న చూసినది జాడీని కాదు, తేదీని. అలాగని తేదీ అబద్ధమైనా ఫరవాలేదనడం కూడా కుదరదు. పేరు పూచీ అయినప్పుడు దొంగపేరు దొంగపూచీయే. చూపు స్వతంత్రంగా ఉండాలి, పేరు నిజంగా ఉండాలి. రెండూ వేర్వేరు ధర్మాలు. సేకర్తకు రెండూ తప్పవు.

టీ సమావేశంలో ఈ రెంటికీ మర్యాద ఏర్పాటై ఉంది. తాగడం పూర్తయ్యాక అతిథి గిన్నెను చాప మీద పెట్టి ముందుకు వంగుతాడు. మోచేతులు మోకాళ్లకు ఆనించి, గిన్నెను నేలకు జానెడు ఎత్తు దాటనీయకుండా రెండు చేతుల్లో తిప్పి చూస్తాడు. జారినా పగలకూడదనే జాగ్రత్త అది. పెదవి తగిలిన అంచు, చేతికి తెలిసిన బరువు, బోర్లిస్తే కనబడే అడుగు వలయం, అక్కడ గ్లేజు లేని చోట మట్టి తీరు. కుమ్మరి స్వభావం ఎక్కువగా ఆ అడుగునే బయటపడుతుందని అనుభవజ్ఞులు అంటారు. ఇవన్నీ అయ్యాకే ఎవరి పని అని గృహస్థును అడుగుతారు. కొత్తగా కొనేవారికి కూడా ఇంతకంటే మంచి క్రమం లేదు. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల గ్యాలరీల్లో కుమ్మరుల ప్రదర్శనలు తరచూ జరుగుతుంటాయి. అక్కడ సాకే తాగే చిన్న కప్పుతో మొదలుపెట్టి, కొన్నదాన్ని రోజూ వాడటం మేలు. హాగి గిన్నెల సన్నటి పగుళ్లలోకి టీ ఇంకి ఏళ్ల మీద రంగు మారుతుంది. వాడినవారి చేయి కూడా పాత్ర తయారీలో భాగమని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు. పెట్టెలోనే ఉంచేసిన హాగి సగం చేసిన పాత్రే.

విరిగితే? చైనా నుంచి వచ్చిన తన సెలడాన్ గిన్నె పగిలినప్పుడు అలాంటిదే ఇంకొకటి పంపమని 15వ శతాబ్దపు షోగున్ అషికాగ యోషిమాసా చైనాకు తిప్పి పంపాడని కథ. అంతటిది ఇప్పుడు దొరకదంటూ ఇనుప కొక్కేలతో కుట్టి వెనక్కి పంపారట. ఆ కొక్కేలతోనే అది ‘బకొహాన్’ అనే పేరుతో టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. లక్కతో అతికి బంగారుపొడి అద్దే కింత్సుగి పద్ధతి కూడా ఇదే మనసుతో చేసేది. అనిత్యతను బౌద్ధులు నోటితో చెబుతారు, ఈ పాత్రలు దాన్ని ఒంటి మీద మోస్తాయి.

పట్టు వదలని మమకారానికి కిజాయెమొన్ గిన్నె చరిత్రే సాక్షి. ఒసాకా వర్తకుడు తకెదా కిజాయెమొన్ దరిద్రుడై, ఒళ్లంతా పుళ్లు పడినా గిన్నెను అమ్ముకోలేదని చెబుతారు. తర్వాత దాన్ని కొన్న మత్సుయే ప్రభువు మత్సుదైరా ఫుమాయి (1751–1818)కీ పుళ్లు లేచాయట. అమ్మేయమని భార్య బతిమాలినా అతను వినలేదు. అతను పోయాక కుటుంబం గిన్నెను ఆలయానికి ఇచ్చేసింది. గొప్ప సేకరణల దారి సాధారణంగా ఇదే, చివరికి ఆలయానికో మ్యూజియానికో. అక్కడ ఎవరి సొంతమూ కాదు. ఎవరి పెదవీ తగలదు కూడా. సొత్తు అనే బంధం తెగినా వాడుక అనే ప్రాణం ఆగిపోతుంది. దీనికి పూర్తి పరిష్కారం ఎవరికీ దొరకలేదు. క్యోటోలోని రాకు మ్యూజియం చేస్తున్న ప్రయత్నం మాత్రం మెచ్చుకోదగ్గది. టీ గురువు సెన్ నో రిక్యూ కోసం గిన్నెలు చేసిన చోజిరో నుంచి 2019లో వారసత్వం అందుకున్న 16వ కిచిజాయెమొన్ వరకు ఒకే ఇంటివారి పనిని దాచిన చోటు అది. సందర్శకులు రాకు గిన్నెలను అద్దం అవతల కాక తమ చేతుల్లోకి తీసుకుని చూసే కార్యక్రమాలను ఆ మ్యూజియం నిర్వహిస్తుంది.